కుర్రకారు పిలుస్తోంది... పలికేదెవరు?

*చేతిలో ఫోనుంటే చాలు, చెడిపోయినట్టే అనుకుంటున్నాం. అదే ఫోనుతో ఊరి బాగోగులు పట్టించుకుంటున్న పిల్లలూ ఉన్నారు. అడిగేవాళ్లకు కొదవ లేదు. కొరత బదులిచ్చేవాళ్లకే!*

2025 సెప్టెంబరు 10. కాఠ్‌మాండూలో కర్ఫ్యూ. వీధుల్లో సైన్యం. ముందురోజే పార్లమెంటు భవనం తగలబడింది. ప్రధాని కె.పి. శర్మ ఓలి రాజీనామా చేసి వెళ్లిపోయాడు. దేశానికి ప్రభుత్వం లేదు. బయట అడుగు పెట్టే వీల్లేని కుర్రాళ్లు మాత్రం ఇళ్లలో ఇయర్‌ఫోన్లు తగిలించుకుని డిస్కార్డ్‌లో కూర్చున్నారు. వీడియో గేములు ఆడేవాళ్లు ఆట మధ్యలో మాట్లాడుకోవడానికి పుట్టిన యాప్ అది. ఆ రోజు అక్కడ నడుస్తున్నది ఆట కాదు, తాత్కాలిక ప్రధానిగా ఎవరుండాలన్న చర్చ. ఒకరు ఒక పేరు చెబితే ఇంకొకరు కాదంటున్నారు. రాజ్యాంగం ఒప్పుకుంటుందా అని ఎవరో అడుగుతున్నారు. ఎవరో తిడుతున్నారు. ఆ గోలంతా టీవీలో కూడా వస్తోంది. చివరికి ఓటింగు పెట్టారు. సుశీలా కార్కీ పేరు పైకి తేలింది. ఆమెకు 73 ఏళ్లు, సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి. రెండు రోజుల తర్వాత ఆమె నేపాల్ తొలి మహిళా ప్రధానిగా ప్రమాణం చేశారు.

రాష్ట్రపతి, సైన్యాధిపతి కూర్చుని మంతనాలు జరపకుండా అది జరిగేది కాదు. ఫోనే ప్రధానిని ఎన్నుకుందనడం అతిశయోక్తే. అయినా ఆ మంతనాల బల్ల మీదికి ఒక పేరును చేర్చింది మాత్రం ఆ పిల్లల ఫోన్లే. అంతకు వారం ముందు, సెప్టెంబరు 4న, ఫేస్‌బుక్, యూట్యూబ్, వాట్సాప్ సహా 26 వేదికలను ఆ దేశ ప్రభుత్వం మూసేయించింది. నిషేధించిన వాటిలో డిస్కార్డ్ కూడా ఉంది!

డిస్కార్డ్ చర్చ జరిగిన సరిగ్గా మూడు నెలలకు, డిసెంబరు 10న, ఆస్ట్రేలియాలో 16 ఏళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలను నిషేధించే చట్టం అమల్లోకి వచ్చింది. మన దగ్గరా అలాంటిది కావాలా వద్దా అని ఇప్పుడు ఇంటింటా చర్చ. ‘ముందా ఫోను పక్కన పెట్టరా’ అనని అమ్మ లేదు. ఆ కోపంలో న్యాయం ఉంది. రీళ్లకు, ఆన్‌లైన్ రమ్మీకి, బెట్టింగులకు పిల్లలు ఎంత పోగొట్టుకున్నారో పోలీసు స్టేషన్లను అడిగితే చెబుతారు. కానీ ఆ ఫోనుతోనే ఊరికి పనికొచ్చిన కుర్రకారు కథ కూడా ఒకటుంది. అది మొదలైంది స్మార్ట్‌ఫోన్లు ఇంతగా రాకముందు, బటన్ల ఫోన్ల కాలంలో.

8500కి ఒక మెసేజ్

ఉగాండా జనాభాలో నలుగురిలో ముగ్గురు 30 ఏళ్ల లోపువాళ్లే. ఊళ్లో బోరు పాడైనా, బడికి పంతులు రాకపోయినా ముందుగా తెలిసేది వాళ్లకే. వాళ్లను అడిగే నాథుడే లేడు. 2011లో యునిసెఫ్ అక్కడ ‘యూ-రిపోర్ట్’ అని ఒక ఏర్పాటు చేసింది. ‘జాయిన్’ అని 8500 నంబరుకు ఎస్సెమ్మెస్ పంపితే చేరినట్టే. పైసా ఖర్చు లేదు. ఇంటర్నెట్ అక్కర్లేదు. వారానికోసారి ఒక ప్రశ్న వస్తుంది. మీ ఊరి ఆస్పత్రిలో మందులున్నాయా? మీ బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఉందా? ఇలాంటివే. అవుననో కాదనో కొట్టి పంపిస్తే ఏ జిల్లాలో ఎంతమంది ఏమన్నారో లెక్క తేలిపోతుంది. ఆ లెక్క పత్రికల్లో, రేడియోలో వస్తుంది. పార్లమెంటు సభ్యుల దగ్గరకూ వెళుతుంది.

చేర్పించే పని భుజాన వేసుకున్నవాళ్లలో స్కౌట్లున్నారు, చర్చిలు, మసీదుల సంఘాలున్నాయి. రెండేళ్లు తిరిగేసరికి సభ్యులు రెండు లక్షలు దాటారు.

ఇక్కడ అరటి తోటల సంగతి చెప్పుకోవాలి. ఉగాండాలో ‘మటోకే’ అంటే మనకు అన్నంలాంటిది. పచ్చి అరటికాయను ఉడికించి మెత్తగా చేసి పూటపూటా తింటారు. 2013 నాటికి ఆ తోటలను బాక్టీరియా తెగులు పీడిస్తోంది. ఆకులు పసుపెక్కి వాలిపోవడం, కాయలు ముందే మగ్గి లోపల కుళ్లిపోవడం దీని లక్షణం. ఏ జిల్లాలో ఎంత సోకిందో వ్యవసాయ శాఖ సిబ్బంది తోట తోటా తిరిగి తెలుసుకునేలోపు పంట దక్కదు. ప్రపంచ బ్యాంకుతో కలిసి యునిసెఫ్ యూ-రిపోర్ట్ సభ్యులను అడిగింది: మీ తోటలోగానీ పక్క తోటలోగానీ ఈ తెగులు చూశారా? కొద్దిరోజుల్లోనే ఏ జిల్లాలో పరిస్థితి ఎలా ఉందో పటం తయారైంది. అక్కడితో ఆపలేదు. ఏం చేయాలో అదే ఫోనుకు తిరిగి పంపారు. తెగులు పట్టిన చెట్టును తీసేయాలి. కత్తిని శుభ్రం చేయకుండా ఇంకో చెట్టు మీద వేయకూడదు. గెల చివర వేలాడే పువ్వును కత్తితో కోయకూడదు, పంగల కర్రతో తిప్పి విరిచేయాలి. పురుగులు ఆ పువ్వు మీద వాలే తెగులును తోటంతా మోస్తాయి మరి.

ఇంట్లో పెద్దాయన చేతికి ఫోను అలవాటు లేకపోవచ్చు. ఇంటర్ చదివే కొడుకు మెసేజ్ చదివి వినిపిస్తాడు. ‘ఎప్పుడూ ఆ ఫోనేనా’ అని విసుక్కునే తండ్రి ఆ పూట కొడుకు చెప్పింది విని పంగల కర్ర కోసం వెతుక్కుంటాడు. సర్వే అంటే ఊరివాళ్ల నోటి నుంచి మాట లాక్కెళ్లిపోవడమే అనుకునే రోజుల్లో, తీసుకున్న మాటకు బదులుగా పనికొచ్చే మాట ఒకటి చేతిలో పెట్టింది ఈ ఏర్పాటు. నన్నడిగితే దాని గెలుపంతా అక్కడే ఉంది. టెక్నాలజీ చూస్తే పాత ఎస్సెమ్మెస్సేగా.

చిక్కు కూడా అక్కడే వచ్చింది. అడిగిన ప్రశ్నలకే కాదు, అడగనివాటికీ మెసేజ్‌లు వెల్లువెత్తాయి. కడుపునొప్పి అని ఒకరు, మా ఊళ్లో కలరా అని మరొకరు. రోజూ వచ్చిపడే వేల మెసేజ్‌లు చదివి ఏది అత్యవసరమో తేల్చేవాళ్లెవరు? చివరికి వాటిని వేరుచేసే పనికి ఐబీఎం పరిశోధకుల సాయంతో కంప్యూటర్‌ను పెట్టాల్సి వచ్చింది. పిల్లలు మాట్లాడరని మొదట్లో దిగులు పడ్డవాళ్లకు, వాళ్లు మాట్లాడటం మొదలుపెట్టాక అసలు దిగులు తెలిసొచ్చింది.

> పేరు కనబడదు గనకే...
>
> యూ-రిపోర్ట్ పశ్చిమాఫ్రికాలోని లైబీరియాకు 2014లో వెళ్లింది. ఎబోలా ఆ దేశాన్ని కుదిపేస్తున్న రోజులవి. తర్వాత ఒకసారి బళ్ల గురించి అడిగారు. మార్కుల కోసం పంతుళ్లు ఆడపిల్లలను లొంగదీసుకోవడం మీ దగ్గర ఉందా అన్నది ప్రశ్న. 13,000 మంది జవాబిచ్చారు. ఉందన్నవాళ్లు 86 శాతం. పంచాయితీ పెట్టి అడిగితే ఒక్క పిల్ల కూడా నోరు విప్పని విషయమది. ఫోనులో అయితే ఎవరు చెప్పారో పక్కవాళ్లకు తెలియదు. ఆ లెక్క బయటపడ్డాక విద్యాశాఖ దాన్ని పట్టించుకోక తప్పలేదు.

13 మంది నడిచిన దారి

నైరోబీలోని కిబేరా ఆఫ్రికాలోకెల్లా పేరుమోసిన మురికివాడ. మట్టి గోడలు, తుప్పుపట్టిన రేకుల కప్పులు, మధ్యలోంచి పోయే రైలు పట్టాలు. తాగునీరు కొనుక్కోవాల్సిందే, పసుపుపచ్చ డబ్బాల్లో. పది లక్షల మంది ఉంటారని కొందరనేవారు. 2009 జనాభా లెక్కల్లో తేలింది లక్షా డెబ్బై వేలు. ఎంతమంది ఉన్నారో తెలియదు, ఎక్కడేముందో తెలియదు. ఇంటర్నెట్‌లో మ్యాపు తెరిస్తే కిబేరా ఉన్నచోట ఏమీ ఉండేది కాదు.

ఆ ఏడాది చివర్లో అదే వాడకు చెందిన 13 మంది యువతీ యువకులు జీపీఎస్ పరికరాలు పట్టుకుని సందు సందూ నడిచారు. నీళ్లమ్మే చోటు ఇది, మరుగుదొడ్డి ఇది, మందుల కొట్టు ఇది, రాత్రిపూట ఆడవాళ్లకు భయమున్న మలుపు ఇది అంటూ ఒక్కొక్కటే గుర్తించి, ఎవరైనా వాడుకోగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎక్కించారు. దాని పేరు ‘మ్యాప్ కిబేరా’. బయట నుంచి వచ్చిన నిపుణులు నేర్పించారు గానీ, ఏది పటంలో ఉండాలో తేల్చింది ఆ వాడ పిల్లలే. సర్వేయరు వస్తే కొలిచేది రోడ్డు వెడల్పు. ఏ దొడ్డికి తలుపు లేదో అక్కడ పెరిగిన పిల్లకే తెలుస్తుంది.

ఇలాంటి పటమే నేపాల్‌లో ప్రాణాలకు అక్కరకొచ్చింది. 2015 ఏప్రిల్ భూకంపంలో దాదాపు 9,000 మంది చనిపోయారు. అప్పటికి రెండేళ్ల ముందు నుంచే ‘కాఠ్‌మాండూ లివింగ్ ల్యాబ్స్’ అనే సంస్థ కాలేజీ పిల్లలను కూడగట్టి బళ్లు, ఆస్పత్రులు, సందులు పటంలోకి ఎక్కిస్తూ ఉంది. భూమి కంపించాక ప్రపంచం నలుమూలల నుంచి వేలమంది వలంటీర్లు ఆ పని అందుకున్నారు. సహాయక బృందాలు ఆ పటాలు చూసుకుని కొండ ఊళ్లకు దారి పట్టాయి. పదేళ్ల తర్వాత డిస్కార్డ్‌లో కూర్చున్న తరం భూకంపం నాటికి బడి పిల్లలు.

తలుపులు ఎందుకు మూశారు?

ఫోను ఊరిని కలుపుతుందని చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. 2018 జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురు సంచారజాతి మనుషులను జనం కొట్టి చంపేశారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా వచ్చిందని వాట్సాప్‌లో తిరిగిన పుకారే కారణం. ఆ ఏడాది ఇలాంటివి దేశమంతా జరిగాయి. తిప్పి పంపేదాన్ని ఐదు చాట్లకే పరిమితం చేస్తామని ఆ నెలలోనే వాట్సాప్ ప్రకటించింది.

ఆ ఏడాది వేసవిలో అదే పుకారు జోగులాంబ గద్వాల జిల్లాకూ వచ్చింది. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరికో కానిస్టేబులును కేటాయించి ఉంచారు. ఊళ్లు తిరిగే కానిస్టేబుళ్లు ఒక విచిత్రం గమనించారు. ఎండాకాలం ఆరుబయట మంచాలేసుకుని పడుకునే జనం రాత్రయ్యేసరికి తలుపులు బిగించుకుంటున్నారు. ఏమైందంటే ఫోన్లు తీసి చూపించారు. ఎక్కడివో భయంకరమైన వీడియోలు, తెలుగులో గొంతు కలిపి ‘మన దగ్గరికీ వచ్చారు’ అంటూ.

పోలీసులు ఫోన్లు లాక్కోలేదు, నెట్ ఆపలేదు. డప్పులు పట్టుకుని ఊళ్లలోకి వెళ్లారు. పాటలు కట్టి పాడారు. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరారు. అనుమానం ఉన్న వీడియో వస్తే ముందు మాకు పంపండి, నిజమో కాదో చెబుతామన్నారు. ఆమె పరిధిలోని నాలుగు వందల దాకా ఊళ్లలో ఆ పుకారుకు ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆ డప్పు పాటల గురించి దేశదేశాల పత్రికలు రాశాయి. నాకైతే డప్పు కన్నా ఆ గ్రూపులో కూర్చున్న కానిస్టేబులే గొప్పగా కనిపిస్తాడు. ‘సార్, ఇది నిజమేనా?’ అని రాత్రి పదింటికి ఒక కుర్రాడు పంపితే జవాబు రాసే మనిషి ఒకడు ఉన్నాడు.

చదువు రాకపోయినా గొంతుంది

ఛత్తీస్‌గఢ్ అడవుల్లో 2010లో మొదలైన ‘సీజీనెట్ స్వర’ది ఇంకో దారి. బీబీసీలో పనిచేసిన శుభ్రాంశు చౌధరి దాన్ని తెచ్చారు. ఒక నంబరుకు మిస్డ్‌కాల్ ఇస్తే అటునుంచి ఫోను వస్తుంది. ఒకటి నొక్కితే మీ మాట రికార్డు చేయొచ్చు, రెండు నొక్కితే పక్క ఊళ్లవాళ్ల మాటలు వినొచ్చు. హిందీ రావాలని లేదు, గోండిలోనే చెప్పొచ్చు. మన ఉట్నూరు, ఆసిఫాబాద్ గోండులు ఇళ్లలో మాట్లాడుకునేది ఆ భాషే.

ఉపాధి హామీ కూలి రాలేదని, చేతిపంపు పాడైందని, టీచరు రావడం లేదని చెప్పాక చివర్లో ఒక మాట జతచేస్తారు: ‘ఫలానా అధికారి నంబరు ఇది, దయచేసి ఫోను చేసి అడగండి’. విన్నవాళ్లు, ఎక్కడో నగరాల్లో ఉన్నవాళ్లు కూడా, ఆ అధికారికి ఫోను చేస్తారు. పని జరిగితే ఫిర్యాదు చేసినవాళ్లే మళ్లీ ఫోను చేసి ‘అయ్యింది, సాయం చేసినవాళ్లకు దండాలు’ అని రికార్డు చేస్తారు. ఒక మారుమూల పల్లె మాటకు ముప్పై మంది తోడయ్యాక ఆఫీసులో ఫోను ఎత్తక తప్పదు.

> 100 నిమిషాల మాట
>
> ఎన్నికల కోడ్ ఉల్లంఘనల మీద ఫిర్యాదుకు ఎన్నికల సంఘం 2018లో ‘సీ-విజిల్’ యాప్ తెచ్చింది. డబ్బు, మందు పంచుతుంటే అక్కడికక్కడే ఫొటోగానీ రెండు నిమిషాల లోపు వీడియోగానీ తీసి పంపాలి. గ్యాలరీలో ఉన్న పాతవి ఒప్పుకోదు. ఎక్కడ తీశారో దానంతటదే నమోదవుతుంది. పేరు చెప్పకుండా కూడా పంపొచ్చు. 100 నిమిషాల్లో తేల్చాలన్నది నియమం. ఆ ఏడాది డిసెంబరులో జరిగిన తెలంగాణ శాసనసభ ఎన్నికల్లోనూ దీన్ని వాడారు. ఇంత గడువు పెట్టుకున్న ఏర్పాటు మన ఆఫీసుల్లో ఇంకోటి చూపించడం కష్టం. ఎన్నికలు అయిపోగానే ఆ గడియారమూ ఆగిపోతుంది, అది వేరే విషయం.

‘అడ్మిన్లు మాత్రమే’

ఇప్పుడు మన ఊరికి వద్దాం. గ్రూపు లేని ఊరు లేదు. తెల్లారగానే గులాబీ పువ్వుల గుడ్ మార్నింగులు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, అన్నదానం కబుర్లు, ఎవరో పోయారన్న వార్త కింద వరసగా దండం పెట్టే చేతులు. జగిత్యాల వైపు గ్రూపుల్లో దుబాయి, మస్కట్ నుంచి మాట్లాడేవాళ్లు ఊళ్లో ఉన్నవాళ్లకన్నా చురుగ్గా ఉంటారు. రక్తం కావాలన్న మెసేజ్‌కు అరగంటలో ముగ్గురు బయల్దేరతారు. ఈ విషయంలో మన కుర్రాళ్లకు వంక పెట్టడానికి లేదు.

ఆ గ్రూపులోనే ఒక రోజు ఎవడో డిగ్రీ కుర్రాడు కరెంటు స్తంభం ఫొటో పెడతాడు. ‘అన్నా, మూడో వార్డుల లైటు పోయి పదిరోజులైతంది’. ‘చూస్తం తమ్మీ’ అని ఒక జవాబు. వారం గడుస్తుంది. మళ్లీ పెడతాడు. నీలం టిక్కులు పడతాయి, మాట రాదు. మూడోసారి పెడితే ‘మీ నాయిన ఏ పార్టీ?’ అని ఒకాయన, ‘ఇండ్ల రాజకీయాలొద్దు’ అని ఇంకొకాయన. మర్నాటికి గ్రూపు సెట్టింగు మారిపోతుంది: అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపగలరు. ఆ కుర్రాడు రీళ్లలోకి పోతాడు. అప్పుడు మనమంటాం, ఈ తరానికి ఊరంటే పట్టదని!

తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు సర్పంచులే లేరు. ప్రత్యేకాధికారులే పాలన నడిపారు. ఎవరిని అడగాలో తెలియని కాలమది. 2025 డిసెంబరులో మూడు విడతల్లో ఎన్నికలు జరిగి 12 వేలకు పైగా పంచాయతీలకు మళ్లీ మనుషులొచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు మొదలయ్యాయి. మొదట 161 సేవలతో వచ్చింది. కులధ్రువీకరణ పత్రం కోసం మండలాఫీసు చుట్టూ తిరిగిన తరానికి అది పెద్ద ఊరటే. కాకపోతే సర్టిఫికెట్ తీసుకోవడం ఒకటి, ఊరికి ఏం కావాలో చెప్పడం ఒకటి. మొదటిదానికి దారి పడింది, రెండోదానికి ఇంకా పడలేదు.

ఫోను ఎవరి చేతిలో?

నేపాల్ ఓటింగునే చూడండి. లక్షమందికి పైగా ఉన్న వేదికలో ఓటు వేసింది దాదాపు 7,700 మంది. దేశ జనాభా మూడు కోట్లకు దగ్గర. ఓటేసినవాళ్లంతా నేపాలీలేనా, ఒకడే రెండుసార్లు వేశాడా అని చూసే వీల్లేదు. యూ-రిపోర్ట్‌లోనూ మొదటి నుంచీ మగపిల్లలదే ఎక్కువ పాలు. మన దగ్గర 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము సొంతంగా వాడుకునే ఫోను ఉన్న మహిళలు 54 శాతమే. ఆంధ్రప్రదేశ్‌లో ఆ లెక్క సగానికి కూడా చేరలేదు. ఇంటికో ఫోను ఉంటే అది ముందు అన్నయ్య జేబులోకే పోతుంది. ఊరి గ్రూపులో ఆడపిల్లల మెసేజ్ ఎన్నాళ్లకోగానీ కనబడదు. పెట్టినా పేరూ నంబరూ అందరికీ కనిపిస్తాయి. ఆ రాత్రి నుంచే ‘హాయ్’లు మొదలు. లైబీరియా పిల్లలు నోరు విప్పింది పేరు కనబడదన్న ధైర్యంతోనే అన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి.

పాతబడిన మాట కూడా ప్రమాదమే. 2018 ఆగస్టు వరదల్లో కేరళ ఇంజినీరింగ్ పిల్లలు, ప్రభుత్వ ఐటీ మిషన్ కలిసి ‘కేరళ రెస్క్యూ’ వెబ్‌సైట్ నడిపారు. ఎక్కడ ఎవరు చిక్కుకున్నారో ఎవరైనా నమోదు చేయొచ్చు. లారీల మీద పడవలేసుకొచ్చిన మత్స్యకారులకు ఆ చిరునామాలు అందించారు. ఒకే ఇంటి గురించి పదిమంది రాసేవారు. రక్షించాక కూడా ఆ పేరు జాబితాలో అలాగే ఉండేది. దాంతో కాలేజీ పిల్లలు రాత్రంతా కూర్చుని ఒక్కో నంబరుకూ ఫోను చేసి ‘మీరు బయటపడ్డారా?’ అని అడిగి కొట్టేస్తూ పోయారు. వెబ్‌సైట్ తయారుచేసినవాళ్ల పేర్లు పేపర్లో వచ్చాయి. ఫోన్లు చేసినవాళ్ల పని కంటికి కనిపించనిది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు పాలకీ నీళ్లకీ లొకేషన్లు పెట్టినవాళ్లకు ఇలాంటి పిల్లల విలువ తెలుసు.

కొత్త సర్పంచులకూ వార్డు సభ్యులకూ ఒక విన్నపం. మీ ఊరి గ్రూపు సెట్టింగుల్లో ‘అడ్మిన్లు మాత్రమే’ అన్నది తీసేయించండి. పువ్వుల బొమ్మలకు వేరే గ్రూపు పెట్టుకోమనండి. ఆడపిల్లలు పేరు బయటపడకుండా చెప్పుకోవడానికి పంచాయతీ కార్యదర్శి నంబరో, అంగన్‌వాడీ టీచరు నంబరో ఇవ్వండి. ఫిర్యాదు వచ్చిన రోజే అందిందని రాసి, ఎప్పటిలోగా చేస్తారో తేదీ వేయండి. చేతకాని పనైతే ఎందుకు కాదో చెప్పండి, పిల్లలు అర్థం చేసుకుంటారు. ఆదివారం ఆదివారం, ఆ వారం వచ్చినవి ఎన్ని, తీరినవి ఎన్ని అని అదే గ్రూపులో లెక్క పెట్టండి. దీనికి యాప్ అక్కర్లేదు, టెండరూ అక్కర్లేదు.